హాచ్ చార్టు చెప్పిన రోజున మేఫ్లై రాకపోతే: డెలావేర్ వెస్ట్ బ్రాంచ్‌లో ట్రౌట్ పట్టడం

మీరు అడిగింది ఒక ప్రశ్నలా కనిపిస్తుంది గాని అందులో రెండున్నాయి. న్యూజెర్సీ ఎడిసన్ నుంచి దాదాపు మూడు గంటలు కారు నడిపి న్యూయార్క్ రాష్ట్రంలోని హాన్‌కాక్ చేరారు. మేఫ్లై అనే నది పురుగులు గుంపుగా రెక్కలతో లేవడాన్ని హాచ్ అంటారు; ఏ జాతి ఎప్పుడు లేస్తుందో చెప్పే హాచ్ చార్టులో "మే మొదటి వారం, మధ్యాహ్నం రెండు గంటలు, హెండ్రిక్‌సన్" అని ఉంది. పొద్దు వాలేదాకా కూర్చున్నా ఒక్క పురుగు లేవలేదు. తరువాతి వారం వెళ్తే తొలకరి జల్లుకు పుట్టలోంచి ఉసిళ్ళు లేచినట్లు నది నిండా రెక్కలే. చుట్టూ ట్రౌట్ చేపలు నోళ్ళు తెరిచి తింటున్నాయి, మీ ఫ్లైని మాత్రం ఒక్కటీ ముట్టలేదు. పురుగు ఎప్పుడు వస్తుందో ముందే తెలుసుకోవడం ఎలా అన్నది మొదటి ప్రశ్న. వచ్చాక కూడా చేప ఎందుకు పడలేదన్నది రెండోది.

మొదటిదానికి సగం జవాబే ఉంది. రెండోదానికి పూర్తి జవాబు ఉంది, అది చాలావరకు మీ చేతిలోనే ఉంది. మీ మిత్రుడు ఇంకో రెండు డజన్ల రకాల ఫ్లైలు కొనమన్నాడని రాశారు. కొనకండి. పురుగు ఏ జాతిదో తేల్చుకోవడానికి పడే శ్రమలో సగం, చేప దాన్ని ఏ దశలో తింటోందో గమనించడానికి పెడితే ఇప్పుడు మీ పెట్టెలో ఉన్నవాటితోనే పని జరుగుతుంది. ఇక్కడ నుంచి పురుగు అంటే నదిలో పుట్టింది, ఫ్లై అంటే పురుగును పోలేలా కొక్కేనికి ఈకలు చుట్టి మన దారానికి కట్టింది అనుకోండి.

ముందు నది సంగతి. డెలావేర్ నదికి పడమటి పాయ అయిన వెస్ట్ బ్రాంచ్ తన ఇష్టానికి పారే నది కాదు. దాని ఎగువన న్యూయార్క్ నగరం తాగునీటి కోసం 1960లలో పూర్తి చేసిన కానన్స్‌విల్ జలాశయం ఉంది. ఆనకట్ట అడుగు నుంచి వదిలే నీళ్ళు నడి వేసవిలో కూడా మోకాళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉంటాయి. ఆ చల్లదనం వల్లే అక్కడ పెద్ద బ్రౌన్ ట్రౌట్‌లు బతుకుతున్నాయి. హాచ్ చార్టుల లెక్క తప్పేదీ దానివల్లే. 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన డిక్రీ ప్రకారం నగరం ఎగువ జలాశయాల నీళ్ళు వాడుకోవచ్చు, అందుకు బదులుగా చాలా దిగువన న్యూజెర్సీలోని మాంటేగ్ దగ్గర 1,750 క్యూసెక్కుల ప్రవాహం ఉండేలా నీళ్ళు వదలాలి. కృష్ణా జలాల పంపకం వార్తలు చదువుతూ పెరిగినవాళ్ళకు ఈ వ్యవహారం కొత్తగా అనిపించదు. దిగువన వానలు లేక నది చిక్కిపోతే ఇక్కడ గేట్లు తెరుస్తారు. దిగువన వాన పడితే తగ్గిస్తారు. అంటే ఎండలు మండే వారంలో మిగతా వాగులన్నీ ఎండిపోతుంటే వెస్ట్ బ్రాంచ్ నిండుగా, మంచులా పారుతూ ఉండవచ్చు. వసంతంలో ఇంకో తిరకాసు. జలాశయం నిండి స్పిల్‌వే మీదుగా పొర్లుతున్నప్పుడు వచ్చేది పైనీరు, ఎండకు కాస్త వేడెక్కినది. పొర్లడం ఆగి అడుగు నీరు మాత్రమే వస్తే అదే తేదీన నది మూడు నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటుంది.

మేఫ్లైకి క్యాలెండర్ తెలియదు. నీటి అడుగున ఏడాది పాటు నింఫ్‌గా (రెక్కలు రాని పిల్లదశలో) పెరిగే పురుగుకు చలికాలం చివరి నుంచి అందిన వెచ్చదనం ఎంత ఎక్కువ కూడితే అంత త్వరగా రెక్కలు సిద్ధమవుతాయి. ఆ తరువాత ఏ రోజు, ఏ గంట అన్నది ఆనాటి నీటి ఉష్ణోగ్రత, వెలుతురు తేలుస్తాయి. హెండ్రిక్‌సన్ సాధారణంగా నీరు 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు లేస్తుంది. చార్టులో రాసేది ఎన్నో సంవత్సరాల సగటు. ముందుగా వేడెక్కిన వసంతంలో అది వారం పది రోజులు ముందుకు జరుగుతుంది, గేట్లు తెరిచి చల్లటి నీరు వదిలిన వారంలో ఆగిపోతుంది.

అందుకని ఇంటి నుంచి బయల్దేరే ముందు చార్టు కాదు, కొలమానం చూడండి. స్టైల్స్‌విల్, హేల్ ఎడ్డీ దగ్గర యు.ఎస్. జియలాజికల్ సర్వే వారి కొలత కేంద్రాలున్నాయి. ప్రవాహం, ఉష్ణోగ్రత రెండూ ఇంటర్నెట్‌లో ఎప్పటికప్పుడు కనిపిస్తాయి. ఆ క్షణపు అంకె కంటే గత నాలుగు రోజుల గీత ముఖ్యం. మధ్యాహ్నపు ఉష్ణోగ్రత రోజుకు కొంచెం చొప్పున ఎక్కుతూ, ప్రవాహం నిలకడగా ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. నిన్న రాత్రి ప్రవాహం ఒక్కసారిగా రెట్టింపయిందంటే ఆ రోజు ఆకులు, నాచు ముక్కలు కొట్టుకొస్తాయి, చేపలు కొత్త నీటికి సర్దుకుంటూ ఉంటాయి, పురుగూ వెనకాడుతుంది. అలాంటి రోజు ప్రయాణం మానుకోవడమో, తూర్పు పాయ ఈస్ట్ బ్రాంచ్‌కో, దగ్గర్లోని బీవర్‌కిల్ నదికో వెళ్ళడమో మంచిది.

ఒకే రోజు నది అంతా ఒకేలా ఉండదన్నది చాలామంది పట్టించుకోరు. ఆనకట్ట దగ్గర నీరు చల్లన, దిగువకు పోయేకొద్దీ వెచ్చన. కనుక హెండ్రిక్‌సన్ ముందు కిందనే మొదలై, రోజులు గడిచేకొద్దీ పైకి పాకుతుంది. డిపాజిట్ ఊరి దగ్గర ఖాళీగా ఉన్న రోజునే హాన్‌కాక్ కింద, రెండు పాయలు కలిసిన ప్రధాన నదిలో పురుగు విరగబడి లేస్తూ ఉండవచ్చు. జూలైలో కథ తిరగబడుతుంది. ప్రధాన నది వేడెక్కి చేపలు అలసిపోతాయి, ఎగువ వెస్ట్ బ్రాంచ్‌లో మాత్రం సల్ఫర్ అనే చిన్న పసుపు మేఫ్లై పట్టపగలే లేస్తూ ఉంటుంది. వేరే నదుల్లో అదే సల్ఫర్ జూన్‌తో ముగుస్తుంది, అదీ సంధ్యవేళకు. చల్లటి నీరు ఆ పురుగు కాలాన్నీ, వేళనూ రెండింటినీ మార్చేసింది. ఒక మడుగు దగ్గరే పాతుకుపోకుండా గంటన్నర చూసి కారెక్కండి.

వేళ గురించి ఒక మోటు సూత్రం పనికొస్తుంది: నీటికి ఏ గంట హాయిగా ఉంటుందో పురుగుకూ అదే. ఏప్రిల్ చివర్లో రోజంతటిలో వెచ్చని సమయం, అంటే రెండు నుంచి నాలుగు. ఎండలు ముదిరాక సాయంత్రం. ఆగస్టులో ట్రైకో అనే దోమంత పురుగు ఉదయం పూట. మబ్బు పట్టి సన్నగా జల్లు పడుతుంటే ఆలివ్‌లు, బ్లూ వింగ్డ్ ఆలివ్ అని పిలిచే 18 నుంచి 22 నంబరు చిన్నవి (కొక్కెం నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది), ఏ నెలలోనైనా లేవవచ్చు. వాతావరణం బాగుందని మీరు ఎంచుకున్న శనివారం పురుగుకు బాగోని శనివారం కావచ్చు. ఎండలో రెక్కలు నిమిషంలో ఆరి పురుగు ఎగిరిపోతుంది, చేపకు అంతగా దొరకదు. చలి, జల్లు ఉన్న రోజున రెక్కలు ఆరక నీటి మీద చాలాసేపు కొట్టుకుపోతుంది, సగం బయటికొచ్చి ఇరుక్కుపోయేవి ఎక్కువ. వర్షం కోటు వేసుకుని వణుకుతూ నిలబడే రోజే నాకు ఇష్టం.

నది ఒడ్డుకు చేరాక కూడా మరికొన్ని ఆనవాళ్ళు దొరుకుతాయి. వంతెన రెయిలింగుల మూలల్లో సాలెగూళ్ళు చూడండి, నిన్న సాయంత్రం ఏమి ఎగిరిందో అక్కడ వేలాడుతూ ఉంటుంది. స్వాలో పక్షులు నీటికి దగ్గరగా అటూ ఇటూ కోతలు కోస్తున్నట్లు ఎగురుతుంటే ఎక్కడో మొదలైందన్నమాట. అన్నిటికంటే నమ్మదగినది రాయి. పిక్కల లోతు నీటిలో, రాళ్ళ మీద ఉరవడిగా పారే చోట అరచేతికి రెండింతలున్న రాయిని నెమ్మదిగా ఎత్తి అడుగుభాగం చూడండి. ఒకటి రెండు అంగుళాల దూరంలో కళ్ళు పెట్టి చూస్తే గోధుమ రంగు నింఫ్‌లు పాకుతూ కనిపిస్తాయి. తల వెనక, వీపు మీద రెండు చిన్న మడతల్లాంటివి ఉంటాయి, అవి రెక్కల సంచులు. అవి ఒంటి రంగులోనే ఉంటే ఇంకా రోజులున్నాయి. నల్లగా, ఉబ్బి, పగలడానికి సిద్ధంగా ఉన్నట్లుంటే ఆ పురుగు లేచేది ఇవాళో రేపో. చూసిన రాయిని ఉన్నచోటే, ఉన్నట్లుగానే పెట్టేయండి.

ఇంతవరకు సగం జవాబు. దీనికి మించి ఎవరైనా "కచ్చితంగా ఇన్ని గంటలకు" అని చెబితే మర్యాదగా విని ఊరుకోండి.

ఇక రెండో ప్రశ్న, అసలైనది. నది నిండా పురుగులున్నా మీ ఫ్లైని ఎందుకు ముట్టలేదు?

హెండ్రిక్‌సన్ పుట్టుక దగ్గరగా చూస్తే మొదటి కారణం అక్కడే ఉంది. నింఫ్ అడుగు వదిలి పైకి రావడానికి తంటాలు పడుతుంది. పైకి లేస్తుంది, జారిపోతుంది, మళ్ళీ లేస్తుంది. నీటి పైపొరకు అంటుకుని వేలాడుతుంది. మనకు పొరలా కూడా అనిపించనిది ఆ పురుగుకు గట్టి కప్పు. అప్పుడు వీపు నిలువునా చీలి, లోపలి నుంచి ముడుచుకున్న బూడిదరంగు రెక్కలు, తరువాత కాళ్ళు, చివరికి తోక బయటికొస్తాయి. పాత చర్మం తోకకు అంటుకునే ఉంటుంది. రెక్కలు నిలబెట్టి ఆరబెట్టుకుంటూ కొంతదూరం తేలిపోతుంది, దీన్ని డన్ అంటారు. ఎగిరి చెట్ల మీదికి పోయి మరోసారి కుబుసం విడుస్తుంది. రెక్కలు వచ్చాక కూడా చర్మం విడిచే కీటకాలు ప్రపంచంలో మేఫ్లైలొక్కటే. ఆ రెండో రూపం స్పిన్నర్, గాజులాంటి రెక్కలు. దానికి తినడానికి పనికొచ్చే నోరుండదు, జతకట్టి గుడ్లు పెట్టి చనిపోతుంది.

ఇప్పుడు చేప వైపు నుంచి చూడండి. నిటారుగా రెక్కలు నిలబెట్టుకున్న డన్ ఏ క్షణమైనా ఎగిరిపోవచ్చు. పొర కింద వేలాడేది, చర్మంలో ఇరుక్కున్నది ఎక్కడికీ పోలేదు. పెద్ద ట్రౌట్ కండబలాన్ని దుబారా చేయదు. అందుకే మన కంటికి డన్‌లు వందలు కనిపిస్తుంటే అది వాటి మధ్య ఇరుక్కున్నవాటిని ఏరుకుంటుంది. మీరు వేసింది నిటారు రెక్కల డన్ అని రాశారు. దుకాణాల్లో ఎక్కువగా అమ్మేది అదే, ఎందుకంటే కొనేవాడి కంటికి అందంగా ఉంటుంది.

చేప ఏ దశను తింటోందో నీటి కదలిక చెబుతుంది. ముక్కు పైకి వచ్చి, ఆ చోట గాలిబుడగ ఒకటి మిగిలితే పైనున్న డన్‌ను తింది, బుడగ దాని మొప్పల గుండా వెళ్ళిన గాలి. ముక్కు కనపడకుండా వీపు, తరువాత తోక చివర మాత్రం దొర్లినట్లు తేలితే పొర కిందివాటిని తింటోంది. ఇదే మీరు ఎక్కువగా చూసి ఉంటారు. నీరు చిమ్మినట్లు ఎగిరితే పారిపోతున్నదాన్ని వెంటాడింది, అది మేఫ్లై కాక క్యాడిస్ అనే వేరే పురుగు కావచ్చు. వాన చినుకు పడ్డట్లు చిన్న వలయం, చప్పుడు లేదు, కదలిక లేదు: చచ్చి తేలుతున్న స్పిన్నర్లను తాపీగా పీల్చుకుంటోంది. ఈ చివరిది చాలాసార్లు అన్నిటికంటే పెద్ద చేప. చిన్న వలయం చూసి పిల్లచేప అనుకుని వదిలేసేవాళ్ళను చూస్తే నాకు లోలోపల సంతోషం, అది నాకు మిగులుతుంది.

కళ్ళతో తేలకపోతే మోకాళ్ళ దగ్గర నీటిలో పిల్లల అక్వేరియం వల ఒకటి నిమిషం పాటు, సగం మునిగేలా పట్టుకోండి. గాలిలో ఎగిరేవి మనల్ని మోసం చేస్తాయి, వలలో పడ్డవి చేయవు. మే నెలాఖరులో తరచూ జరిగేదొకటి: 10, 12 నంబరు సైజు మార్చ్ బ్రౌన్ మేఫ్లైలు అక్కడక్కడా తెరచాప పడవల్లా తేలుతుంటాయి, అందరూ అదే కడతారు. వలలో చూస్తే 18 నంబరు ఆలివ్‌లు గుట్టగా ఉంటాయి. చేప లెక్క సులువు: అరుదుగా వచ్చే పెద్దదాని కోసం కాచుకోవడం కంటే వరసగా వచ్చే చిన్నవాటికి నోరు తెరవడం మేలు.

రెండో కారణం ఫ్లై నీటి మీద నిలబడే తీరు. ఇంగ్లండ్ నుంచి ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ 1890లో పంపిన డ్రై ఫ్లైలను (నీటి మీద తేలేవి) చూసి అమెరికా ఫ్లై జాలరి థియొడోర్ గోర్డన్ ఈ క్యాట్స్‌కిల్ కొండల నదులకు తగ్గట్టు మార్చాడు. కోడి మెడ ఈకలు చుట్టిన ఆ ఫ్లై ఉరవడి నీటిలో మునగకుండా ముని వేళ్ళ మీద నిలబడుతుంది. బీవర్‌కిల్ రాళ్ళ ఉరవడిలో అది నేటికీ గొప్ప ఫ్లై. వెస్ట్ బ్రాంచ్‌లో అద్దంలా పారే మడుగుల్లో మాత్రం అంత ఎత్తున నిలబడటమే దాని లోపం. కారణం చేప కన్ను. నీటి కింద నుంచి చూసేదానికి పై లోకం ఒక గుండ్రటి కిటికీలోంచే కనిపిస్తుంది, దాని వ్యాసం చేప ఉన్న లోతుకు సుమారు 2.26 రెట్లు. 15 సెంటీమీటర్ల లోతులో నిలబడి తింటున్న చేపకు ఆ కిటికీ 34 సెంటీమీటర్లే. దాని చుట్టూ ఉన్న పైపొరంతా అద్దం, అందులో నది అడుగు ప్రతిబింబిస్తుంది. పొరను చీల్చుకుని కిందికి వేలాడే ఒళ్ళు ఆ అద్దంలో దూరం నుంచే కనిపిస్తుంది, పొర మీద నిలబడ్డ ఒళ్ళు కనిపించదు. అందుకే పొట్ట నీటికి ఆనే ఫ్లైలు ఇక్కడ గెలుస్తాయి. 1970లలో ఆల్ కాచీ, బాబ్ నస్టాసీ ప్రచారంలోకి తెచ్చిన కాంపరాడన్ అలాంటిదే: జింక వెంట్రుకలు విసనకర్రలా విప్పిన రెక్క, కింద ఈకల చుట్ట ఉండదు, ఒళ్ళు పొరలోనే పడుకుంటుంది. దాని తోక తీసేసి, విడిచిన చర్మంలా కనిపించే గోధుమరంగు మెరుపు దారం కడితే ఇరుక్కున్న పురుగు తయారు.

ఆ 34 సెంటీమీటర్లు ఇంకో సంగతి కూడా చెబుతాయి. ఫ్లై చేపకు జానెడు పక్కగా పోతే దానికి పోయినట్లే తెలియదు. వందల పురుగులు తన దారిలోనే వస్తుంటే అది పక్కకు జరగదు. మీరు "చేపల గుంపు మీద వేశాను" అని రాశారు. గుంపు మీద వేయడమంటే ఎవరి మీదా వేయకపోవడమే. ఒక్క చేపను ఎంచుకోండి. అది ఎంతసేపటికొకసారి లేస్తోందో కాసేపు ఊరికే చూడండి, చాలా చేపలకు ఒక లయ ఉంటుంది. మీ ఫ్లై దాని మీదుగా పోయేటప్పటికి అది మళ్ళీ నోరు తెరిచే వేళ కావాలి. నీటిలో అడుగులు వేసేటప్పుడు మీ కాళ్ళ దగ్గర పుట్టే అలలు ముందుకు పోయి చేప తినడం ఆపేలా చేస్తాయి. దాదాపు పది మీటర్ల దూరానికి చేరాక కదలకుండా నిలబడితే అది మళ్ళీ మొదలుపెడుతుంది.

మూడో కారణం, ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. ఫ్లై నీటితో సమానంగా తేలాలి. మీకూ చేపకూ మధ్య నీరు నాలుగు వేగాలతో పారుతుంటుంది, లైను ఏ ఒక్క పాయకు చిక్కినా ఫ్లైని లాగుతుంది. ఆ లాగుడు బొటనవేలి వెడల్పు కూడా ఉండదు, పది మీటర్ల దూరం నుంచి మీకు కనపడదు, 15 సెంటీమీటర్ల కింద నుంచి చూసే చేపకు మాత్రం పురుగు పక్కకు జరిగినట్లు స్పష్టంగా తెలుస్తుంది. కనుక చేప వెనక, కింది వైపు నిలబడి పైకి వేసే పాత అలవాటును ఈ మడుగుల్లో వదిలేయండి. చేపకు ఎగువన, కాస్త పక్కగా నిలబడి కింది వైపుకు వేయండి. లైను గాలిలో ఉండగానే రాడ్‌ను ఎగువ వైపు చాచి వాల్చితే లైను వంకరగా, వదులుగా పడుతుంది. ఫ్లై చేపకు మీటరు పైన పడ్డాక రాడ్ చివర ఊపుతూ వదులు లైను ఇస్తూ పోండి. అలా చేస్తే చేప కిటికీలోకి మొదట వచ్చేది ఫ్లై, దారం తరువాత వస్తుంది. ముట్టకపోతే లైను పక్కకు జరిగి చేపను దాటాకే ఎత్తండి, దాని తల మీద నుంచి లాగితే ఆ చేపతో పని అయిపోయినట్లే.

లైనుకూ ఫ్లైకీ మధ్య కట్టే సన్నని దారం, లీడర్, 12 అడుగులకు తక్కువ వద్దు, దాని చివరి సన్నని ముక్క, టిప్పెట్, మూడడుగులు. మీ 4ఎక్స్ టిప్పెట్ (ఎక్స్ అంకె పెరిగేకొద్దీ దారం సన్నన) 14 నంబరు హెండ్రిక్‌సన్‌కు మరీ బిరుసు, 5ఎక్స్ వాడండి. అది 0.15 మిల్లీమీటర్లు. సల్ఫర్, ఆలివ్‌లకు 6ఎక్స్. సన్నదనం చేప కంటికి కనపడకుండా ఉండటానికని చాలామంది అనుకుంటారు. నా ఉద్దేశంలో అసలు లాభం మెత్తదనం, ఫ్లైని స్వేచ్ఛగా తేలనిస్తుంది.

చేప పైకి వచ్చి, చూసి, వెనక్కి తిరిగితే వెంటనే ఫ్లై మార్చడం అందరికీ ఉన్న జబ్బు. నేను మార్చే వరుస వేరు. ముందు నిలబడే చోటు మారుస్తాను, ఎందుకంటే లాగుడే మొదటి అనుమానితుడు. అప్పటికీ తిరస్కరిస్తే దశ మారుస్తాను: డన్ తీసి ఎమర్జర్ (పైపొర దగ్గర చర్మం విడుస్తున్న పురుగును పోలినది), లేదా చర్మంలో ఇరుక్కున్నది. తరువాత ఒక నంబరు చిన్నది. రంగు అన్నిటికంటే చివర. దుకాణంలో సల్ఫర్‌కు పసుపు రంగులో ఎన్ని ఛాయలుంటాయో చూస్తే చీరల కొట్టు గుర్తొస్తుంది, చేపకు వాటితో పెద్దగా నిమిత్తం లేదు.

పురుగు అసలు పైకి రానప్పుడు, లేక మొదలవడానికి ముందు గంటలో, ఇంగ్లండ్‌లో ఏవన్ నది కాపరిగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ కట్టిన ఫెజెంట్ టెయిల్ నింఫ్ చాలు. నెమలి జాతి పక్షి తోక ఈక, రాగి తీగ, అంతే. 16 నంబరుది, లీడర్‌కు చివరి అడుగు తప్ప మిగతా అంతా గ్రీజు రాసి, పైపొరకు కొద్ది అంగుళాల కింద తేలనివ్వండి. వీపు, తోక దొర్లించే చేపకు హాచ్ మధ్యలో కూడా ఇది పనిచేస్తుంది. రెండు మినహాయింపులు గుర్తుంచుకోండి. ఏప్రిల్‌లో వచ్చే క్విల్ గోర్డన్ పురుగు అడుగునే చర్మం విడిచి, రెక్కలతో పైకి ఈదుకొస్తుంది, దానికి మునిగే వెట్ ఫ్లై కావాలి. జూన్ నుంచి కనిపించే ఐసోనిషియా అనే మేఫ్లై నింఫ్ చిన్న చేపలా వేగంగా ఈది, ఎక్కువగా ఒడ్డు రాళ్ళెక్కి చర్మం విడుస్తుంది. అది లేచే రోజుల్లో నింఫ్‌ను కొంచెం కొంచెం లాగినా తప్పులేదు, చేప లాగుడునే ఇష్టపడుతుంది.

సాయంత్రం గాలి ఆగితే వెళ్ళిపోకండి. మధ్యాహ్నం హాచ్ చప్పగా గడిచిన రోజున కూడా ముందటి రోజుల పురుగులు స్పిన్నర్లుగా మారి చెట్ల మీద కాచుకుని ఉంటాయి. తలపైకెత్తి చూడండి: రాళ్ళ ఉరవడి పైన, పది పదిహేను అడుగుల ఎత్తున పైకీ కిందికీ ఊగుతున్న గుంపు కనిపిస్తుంది. హెండ్రిక్‌సన్ ఆడపురుగు తోక మొదట్లో ఆవగింజంత పసుపు ముద్ద ఉంటుంది, అవి గుడ్లు. గుంపు కిందికి దిగుతుంటే రెక్కలు రెండు వైపులా చాచిన తుప్పురంగు స్పిన్నర్ కట్టండి, ఉరవడి ముగిసి మడుగు మొదలయ్యే చోటుకు నడవండి. గాలి లేచినా చలి పెరిగినా ఆ గుంపు మళ్ళీ చెట్లలోకి పోతుంది, అది మీ చేతిలో లేదు.

చేప ఫ్లైని అందుకున్నాక రాడ్‌ను బలంగా లాగకండి. మీరు ఎగువన ఉన్నారు, తొందరపడితే ఫ్లై నోట్లోంచి బయటికే వస్తుంది. చేప నోరు మూసి తల కిందికి తిప్పే దాకా ఆగి, రాడ్‌ను ఎత్తితే చాలు. చెయ్యి తడిపి, నీటిలోనే కొక్కెం తీసి వదిలేయండి. (ఇంత దూరం పోయి పట్టింది వదిలేయడమేమిటని మా ఇంట్లో ఇప్పటికీ అడుగుతారు, జవాబు చెప్పడం మానేశాను.) నీరు 20 డిగ్రీలు దాటితే వదిలిన చేప కూడా బతకడం కష్టం, ఆ రోజు ప్రధాన నదిలో రాడ్ విప్పవద్దు.

చివరగా, కొత్తగా ఇంకా తేలికైన నాలుగో నంబరు రాడ్ కొనాలా అని అడిగారు. మీ దగ్గరున్న తొమ్మిదడుగుల ఐదో నంబరు రాడ్ సరిపోతుంది. ఆ డబ్బులో కొంచెం థర్మామీటరుకు, టిప్పెట్ చుట్టలకు, చేతికర్రకు పెట్టండి. పెట్టెలో 14, 16, 18 నంబర్లలో కాంపరాడన్‌లు, అవే సైజుల్లో ఎమర్జర్లు, తుప్పురంగు స్పిన్నర్లు, 20 నంబరు ఆలివ్‌లు కొన్ని, ఫెజెంట్ టెయిల్‌లు ఉంటే జూన్ దాకా ఇంకేమీ అక్కర్లేదు. గడ్డిలో నడిచి వచ్చాక కాళ్ళ మీద పిడుదులు వెతుక్కోండి, అక్కడ పిడుదులు అంటించే లైమ్ జబ్బు ఉంది. డీట్ ఉన్న దోమల మందు చేతికి రాసుకుని ఫ్లై లైను పట్టుకోకండి, ప్లాస్టిక్ పూత కరుగుతుంది. హేల్ ఎడ్డీ దగ్గర ప్రవాహం వెయ్యి క్యూసెక్కులు దాటి ఉంటే, అంత చల్లటి నీటిలో ఒంటరిగా నడుము లోతుకు దిగకండి. అలాంటి రోజు ఒడ్డు వెంబడి మోకాలి లోతులోనే నడుస్తూ చూడండి, నీరు పెరిగినప్పుడు పెద్ద చేపలు కూడా ఉరవడి తప్పించుకుని గడ్డి అంచులకే వస్తాయి.